‘రావాల్సింది’, ‘వచ్చి ఉంటాడు’: నాందేడ్ సరిహద్దులో ‘షుడ్ హావ్’, ‘మస్ట్ హావ్’ చదువు

ఖాతాదారులకు వచ్చే ఇంగ్లిష్ సందేశాల్లో తరచూ కనబడే వాక్యం ఒకటుంది: ‘యూ షుడ్ హావ్ రిసీవ్డ్ ద కార్డ్ బై నౌ.’ కార్డు ఈపాటికి మీకు అంది ఉండాలి అని దాని భావం. పంపినవాళ్లు తమ ఊహ చెబుతున్నారు, ఎవరినీ తప్పు పట్టడం లేదు. ‘యూ షుడ్ హావ్ ఇన్‌ఫార్మ్‌డ్ అజ్’ అని వస్తే మాత్రం సంగతి వేరు. మీరు మాకు చెప్పాల్సింది, చెప్పలేదు అని నిలదీస్తున్నారు. రెండు వాక్యాల్లోనూ సహాయక క్రియ ఒకటే, దాని వెనక ‘హావ్’ ఒకటే, ఆ తర్వాత క్రియకు భూతకాల రూపం. తెలుగులోకి వచ్చేసరికి మాత్రం ఒకటి ‘అంది ఉండాలి’, మరొకటి ‘చెప్పాల్సింది’. ఏ తెలుగువాడూ వీటిని ఒకదాని బదులు ఒకటి వాడడు.

ఈ తేడాను ఇంట్లోనే నేర్చుకుని బడికి వచ్చే పిల్లలకు ఇంగ్లిష్‌లో అదే విషయం ఎందుకు కష్టమవుతుంది? ఈ ప్రశ్నకు నాందేడ్ జిల్లా తూర్పు అంచున ఉన్న తాలూకాలు మంచి పరిశీలనా స్థలం. అక్కడి పిల్లవాడి చెవిన తెలుగు, మరాఠీ, దక్కనీ ఉర్దూ మూడూ పడతాయి. ఆ మూడింటి సాక్ష్యాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఇంగ్లిష్ ఒకే అచ్చులో పోసిన రెండు అర్థాలను ఆ మూడు భాషలూ విడివిడిగా ఉంచుతున్నాయి, పైగా మూడూ ఒకే పద్ధతిలో విడదీస్తున్నాయి. ఇది ఎంతవరకు నిలుస్తుంది, ఎక్కడ సడలుతుంది అన్నదే ఈ వ్యాసం చూడబోయేది.

ముందు ఇంగ్లిష్ సంగతి. కెన్, మే, షల్, మస్ట్ లాంటి మోడల్ క్రియలకు నేటి ప్రామాణిక ఇంగ్లిష్‌లో తుమున్నర్థక రూపం లేదు, భూతకాల విశేషణ రూపమూ లేదు. ‘షుడ్’ ఒకప్పుడు ‘షల్’కు భూతకాలం, ‘మైట్’ ‘మే’కు భూతకాలం. ‘మస్ట్’ అయితే ప్రాచీన ఇంగ్లిష్‌లోని ‘మోతన్’ అనే క్రియ భూతకాల రూపం నుంచే వచ్చింది. కాలక్రమంలో ఈ రూపాలు గతాన్ని చెప్పే శక్తిని చాలావరకు పోగొట్టుకున్నాయి. కాబట్టి గతం గురించి చెప్పాలంటే ఆ పని పక్కనున్న ‘హావ్’ మీద పడింది. మోడల్ క్రియ ముందు, ‘హావ్’ వెనక. ఈ వరుసను తిరగేయడానికి వీల్లేదు. దాంతో రెండు వేర్వేరు ఆలోచనలు ఒకే గుమ్మంలోంచి రావాల్సి వచ్చింది. జరిగిపోయినదాని గురించి ఇప్పుడు చేసే ఊహ మొదటిది. అప్పుడు ఉండిన బాధ్యతను ఇప్పుడు గుర్తుచేయడం రెండోది.

ఇది ఇంగ్లిష్‌కు దగ్గరి చుట్టమైన జర్మన్‌కు లేని ఇబ్బంది. అక్కడ ‘అతడు వచ్చి ఉండాలి’ అన్న ఊహకు ‘ఎర్ ముస్ గెకోమెన్ జైన్’ అంటారు, ‘అతడు రావాల్సింది’ అనడానికి ‘ఎర్ హెట్టె కోమెన్ జోలెన్’ అంటారు. మొదటిదానిలో మోడల్ బయట ఉంది, గతం లోపల ఉంది. రెండోదానిలో గతాన్ని మోసే క్రియ బయటికి వచ్చింది, మోడల్ లోపలికి వెళ్లింది. జర్మన్ మోడల్ క్రియలు తమ పూర్తి రూపాలను నిలుపుకోవడం వల్లే ఇది సాధ్యమైంది. కనుక ఇంగ్లిష్‌లోని ఈ కలగలుపు మనుషుల ఆలోచన తీరు నుంచి వచ్చింది కాదు, ఆ భాష చరిత్రలో కొన్ని రూపాలు రాలిపోవడం నుంచి వచ్చింది.

ఇక నాందేడ్. 1948 సెప్టెంబరు దాకా ఇది నిజాం రాజ్యంలోని జిల్లా. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషల వారీగా మూడు ముక్కలు చేసినప్పుడు మరాఠ్వాడాతో పాటు బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది. 1960 మే 1 నుంచి మహారాష్ట్రలో ఉంది. ఆ గీత గీసేటప్పుడు ఊళ్లు అటూ ఇటూ మారాయి. నాందేడ్ జిల్లాలోని ముధోల్, భైంసా ప్రాంతం ఆదిలాబాద్‌లో కలిసింది. దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. ఆదిలాబాద్‌లోని కిన్వట్ తాలూకా అటు వెళ్లింది. భాష ప్రకారం గీసిన గీతే అయినా ఏ వైపూ ఒకే భాష మిగల్లేదు. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు తెలుగు ఇళ్లు ఉన్నాయి. ‘వార్’తో ముగిసే అక్కడి ఇంటిపేర్లు చాలావాటిలో మన ‘వారు’ వినబడుతుంది. వాళ్ల తెలుగు సహజంగానే నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు తెలుగుకు దగ్గర.

చదువుల భాష మాత్రం తరం తరానికి మారింది. నిజాం కాలంలో రాజభాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యనంతా ఉర్దూలో బోధించింది. 1956 తర్వాత జిల్లాలో మరాఠీ పెద్దదైంది. 2000 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వం ఒకటో తరగతి నుంచే ఇంగ్లిష్‌ను పెట్టింది. అంటే తాత ఉర్దూలో, తండ్రి మరాఠీలో, మనవడు ఇంగ్లిష్‌లో చదివిన తెలుగు ఇల్లు అక్కడ వింత కాదు. ఈ పిల్లల గురించి ‘ఏ భాషా సరిగా రాదు’ అని తేలిగ్గా అనేస్తారు. వాక్య నిర్మాణాన్ని దగ్గరగా చూసినవాళ్లు అలా అనలేరని నా నమ్మకం.

సాక్ష్యం చూద్దాం. ఒక మనిషి వచ్చాడని మనం చూడలేదు, కానీ వాకిట్లో చెప్పులున్నాయి. అప్పుడు తెలుగులో ‘వచ్చి ఉంటాడు’ అంటాం, తెలంగాణ మాటలో ‘వచ్చుంటడు’. మరాఠీలో ‘తో ఆలా అసేల్’. ఉర్దూలో ‘వో ఆయా హోగా’. మూడింటిలోనూ వరుస ఒకటే: జరిగిన పని ముందు వస్తుంది, దాని మీద ‘ఉండు’ అనే క్రియ ఊహను మోసుకుంటూ వస్తుంది. గతం లోపల, ఊహ బయట.

ఇప్పుడు రెండో సందర్భం. మనిషి రాలేదు, రాకపోవడం తప్పు. తెలుగులో ‘రావాల్సింది’, తెలంగాణలో ‘రావాల్సుండె’. మరాఠీలో ‘త్యానే యాయలా హవం హోతం’. ఉర్దూలో ‘ఉస్కో ఆనా చాహియే థా’. ఇక్కడ బాధ్యత ముందు చేరింది, ‘ఉండె’, ‘హోతం’, ‘థా’ అనే గతం చివర చేరింది. బాధ్యత లోపల, గతం బయట. జర్మన్‌లో చూసిన తారుమారే ఇది.

వ్యతిరేకార్థంలో పోలిక ఇంకా స్పష్టం. ‘చేసి ఉండడు’ అన్న ఊహకు మరాఠీలో ‘కేలం నసేల్’. చేయకూడని పని చేశాడన్న నిందకు తెలంగాణలో ‘చెయ్యొద్దుండె’, మరాఠీలో ‘కరాయలా నకో హోతం’. ‘వద్దు’కు ‘నకో’, ‘ఉండె’కు ‘హోతం’. కోస్తా తెలుగులో దీన్ని ‘చేయకుండా ఉండాల్సింది’ అని చుట్టు తిప్పి చెబుతాం. సరిహద్దు తెలుగు మాత్రం మరాఠీ వాక్యం పక్కన ముక్కకు ముక్క సరిపోతుంది.

ఈ సరిపోలిక చూసి వెంటనే ‘మరాఠీ ప్రభావం’ అనడం తొందరపాటు. ‘చెయ్యొద్దుండె’ మరాఠీ వినబడని తెలంగాణ ఊళ్లలోనూ ఉంది. ఇరుగుపొరుగు భాషలు ఒకదానికొకటి అచ్చుపోసినట్టు మారతాయన్న వాదానికి ప్రసిద్ధ ఉదాహరణ కూడా మహారాష్ట్రదే. సాంగ్లి జిల్లాలోని కుప్వాడ్‌లో మరాఠీ, కన్నడ, ఉర్దూ, తెలుగు మాట్లాడే కుటుంబాలను పరిశీలించి జాన్ గంపర్జ్, రాబర్ట్ విల్సన్ 1971లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆ ఊరి భాషల్లో వాక్యాల నిర్మాణం ఎంత కలిసిపోయిందంటే పదాలు మారిస్తే చాలు, ఒక భాష వాక్యం ఇంకో భాషలోకి వచ్చేస్తుందని వాళ్లు చెప్పారు. నాలుగు దశాబ్దాల తర్వాత సోనల్ కులకర్ణి-జోషి అదే ఊరిని మళ్లీ పరిశీలించి, ఆ చిత్రాన్ని యథాతథంగా తీసుకోలేమని చూపారు. కుప్వాడ్‌కే అంత జాగ్రత్త అవసరమైనప్పుడు, దాన్ని తెచ్చి నాందేడ్‌కు అతికించడం సరికాదు. నా వాదానికి ఎవరి ప్రభావం ఎవరి మీదన్నది తేలనవసరం కూడా లేదు. పిల్లవాడి తలలో ఈ రెండు అర్థాలు విడిగా ఉన్నాయన్నంతే చాలు.

రెండు అర్థాల మధ్య గోడ ప్రతిచోటా ఇంత గట్టిగా లేదని కూడా ఒప్పుకోవాలి. ఉద్యోగ ప్రకటనల్లో ‘అభ్యర్థి పదో తరగతి ఉత్తీర్ణుడై ఉండాలి’ అని రాస్తారు. అది నిబంధన. ‘అతడు పదో తరగతి పాసై ఉండాలి, అంత బాగా చదువుతున్నాడు’ అంటే అది ఊహ. రూపం ఒకటే. మరాఠీలోనూ అంతే: ప్రకటనలో ‘ఉమేద్‌వార్ పదవీధర్ అసావా’ అంటే పట్టభద్రుడై ఉండాలన్న షరతు, మాటల్లో ‘తో పదవీధర్ అసావా’ అంటే పట్టభద్రుడే అయి ఉంటాడన్న అంచనా. ఇంగ్లిష్ ప్రకటనల్లో ‘ద క్యాండిడేట్ మస్ట్ హావ్ పాస్డ్’ అన్నదీ ఈ జాతిదే. కాబట్టి ఈ ఒక్కచోట తెలుగు, మరాఠీ రెండూ ఇంగ్లిష్‌తో కలిసి ఒకే అస్పష్టతను పంచుకుంటున్నాయి. అయినా చదివేవాడికి ఇబ్బంది లేదు, ఎందుకంటే ప్రకటన అనే సందర్భమే అర్థాన్ని తేల్చేస్తుంది.

‘వచ్చు’ దగ్గర తెలుగు మరికొంత సడలుతుంది. ‘చెప్పి ఉండొచ్చు’ అంటే బహుశా చెప్పాడేమో అని. ‘ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా’ అంటే చెప్పే వీలుండీ చెప్పలేదన్న దెప్పిపొడుపు. క్రియా రూపం మారలేదు, భారమంతా ‘కదా’ మీద పడింది. ఇంగ్లిష్ ‘కుడ్ హావ్ టోల్డ్’ కూడా ఇలాగే రెండు వైపులా తిరుగుతుంది. మరాఠీ ఇక్కడ ఎక్కువ కచ్చితం. వీలుండీ చేయలేదనడానికి ‘సాంగూ శకలా అసతా’ అని వేరే రూపమే ఉంది. అంటే మూడు భాషల్లో ప్రతి ఒక్కటీ ప్రతి చోటా ఇంగ్లిష్ కంటే స్పష్టమని అనలేం. ఊహకూ బాధ్యతకూ మధ్య విభజన గట్టిది, వీలుకూ అవకాశానికీ మధ్య విభజన తెలుగులో పలచన.

‘చేసి ఉండాల్సింది’ అన్న రూపం కూడా విడిగా చెప్పుకోదగ్గది. ఇందులో ‘ఉండు’ లోపలా ఉంది, ‘ఆల్సింది’ బయటా ఉంది. ‘చెప్పాల్సింది’ అంటే సరిపోయే చోట ‘చెప్పి ఉండాల్సింది’ అని వార్తల భాషలో విరివిగా కనిపిస్తుంది. ఇది ‘షుడ్ హావ్’ను మాటకు మాట తెచ్చుకోవడమేనని కొందరికి అనిపించవచ్చు. నేను అంతదూరం వెళ్లను. ‘గడువులోగా వంతెన పూర్తి చేసి ఉండాల్సింది’ అన్నప్పుడు ఫలానా సమయానికి పని ముగిసి ఉండటం అనే అదనపు అర్థం నిజంగానే ఉంది. ఇంగ్లిష్ పత్రికలు మన న్యూస్‌రూముల్లోకి రాకముందటి తెలుగు వచనంలో ఈ రూపం ఎంత తరచుగా వచ్చిందో లెక్కగడితేనే తీర్పు చెప్పగలం.

ఇన్ని సాక్ష్యాల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఒక మామూలు రైలు వాక్యం: ‘ద ట్రెయిన్ షుడ్ హావ్ రీచ్డ్ నాందేడ్ బై నౌ.’ ముద్ఖేడ్‌లో బంధువును రైలెక్కించి ఇంటికొచ్చి గడియారం చూసుకున్నవాడు ఈ మాట అంటే ‘ఈపాటికి చేరి ఉండాలి’ అని అర్థం. అదే మాట నాందేడ్ ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తున్నవాడు అంటే ‘ఈపాటికి చేరాల్సింది’ అని అర్థం. రైలు వచ్చిందో లేదో మొదటివాడికి తెలియదు. రాలేదని రెండోవాడికి తెలుసు. ఇంగ్లిష్ వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు. తెలుగు మాత్రం మాట్లాడేవాడికి ఏం తెలుసో బయటపెట్టకుండా ఈ వాక్యం చెప్పనివ్వదు. ఈ ఒక్క ఉదాహరణను తరగతి గదిలో నల్లబల్ల మీద రాస్తే వ్యాకరణ సూత్రం చెప్పకుండానే సగం పాఠం అయిపోతుంది.

మరి పొరపాటు ఎక్కడ పుడుతోంది? గైడ్లలో, తరగతి గదుల్లో ఇచ్చే అర్థాల దగ్గర అని నా అంచనా. ‘షుడ్’ అంటే ‘ఆలి’, ‘మస్ట్’ అంటే ‘తప్పక... ఆలి’ అని రెండింటినీ ఒకే మెట్ల మీద పెడతారు. ‘మస్ట్’ ఒక మెట్టు పైన, ‘షుడ్’ ఒక మెట్టు కింద. ‘గో’ లాంటి ఒంటరి క్రియతో ఉన్నప్పుడు ఇది చాలావరకు నడుస్తుంది. పక్కన ‘హావ్’ చేరగానే ఈ మెట్లు పనికిరావు. ‘మస్ట్ హావ్ గాన్’ అంటే బలమైన బాధ్యత కాదు, బలమైన ఊహ. ‘షుడ్ హావ్ గాన్’ ఎక్కువగా నెరవేరని బాధ్యత. మెట్ల లెక్క నేర్చుకున్న పిల్లవాడు ‘వెళ్లి ఉండాలి’ని ఇంగ్లిష్‌లో పెట్టబోయి ‘ఆలి’ని పట్టుకుని ‘హీ షుడ్ హావ్ గాన్’ అంటాడు. వినేవాడికి అది ‘వెళ్లాల్సింది, వెళ్లలేదు’ అని చేరుతుంది. జరిగిందని చెప్పబోయి జరగలేదని చెప్పినట్టవుతుంది. ప్రమాదం మీద పోలీసులకు ఇచ్చే వాంగ్మూలంలో ‘డ్రైవరు చూసి ఉంటాడు’, ‘డ్రైవరు చూడాల్సింది’ అన్న రెండింటికీ మధ్య ఎంత దూరముందో చెప్పనక్కర్లేదు.

‘హావ్’ చేరితే అర్థం ఊహవైపు మొగ్గుతుందన్నది నా ఒక్కడి అభిప్రాయం కాదు. జెన్నిఫర్ కోట్స్ 1983లో ప్రచురించిన మోడల్ క్రియల అధ్యయనంలో, ఊహార్థంతో తరచు కలిసి వచ్చే నిర్మాణాల్లో ఈ ‘హావ్’ రూపాన్ని ఒకటిగా గుర్తించారు. జెఫ్రీ లీచ్ 1961 నాటి, 1990ల తొలినాళ్ల నాటి రాతలను పోల్చి బ్రిటిష్, అమెరికన్ ఇంగ్లిష్‌లలో మోడల్ క్రియల వాడకం సుమారు పదో వంతు తగ్గిందని, ‘మస్ట్’ అంతకంటే ఎక్కువ తగ్గిందని చూపారు. ఆజ్ఞగా వాడే ‘మస్ట్’ తగ్గే కొద్దీ ఊహగా వాడే ‘మస్ట్ హావ్’ను సరిగా నేర్పడం మరింత అవసరమవుతుంది. మన దేశపు ఇంగ్లిష్‌కు ఇలాంటి తొలి పెద్ద నమూనా కూడా మహారాష్ట్రలోనే తయారైంది. కొల్హాపూర్‌లోని శివాజీ విశ్వవిద్యాలయంలో ఎస్.వి. శాస్త్రి ఆధ్వర్యంలో 1978 నాటి అచ్చు రాతల నుంచి తలా సుమారు 2000 పదాల చొప్పున 500 నమూనాలు, మొత్తం 10 లక్షల పదాలు సేకరించారు. దాని విలువ పెద్దదే. కానీ అది అచ్చయిన, దిద్దిన ఇంగ్లిష్. బిలోలిలో తొమ్మిదో తరగతి పిల్లవాడి నోటుపుస్తకం గురించి అది చెప్పేది తక్కువ.

మరాఠీ, తెలుగు వేర్వేరు పొరపాట్లకు దారితీయగలిగిన చోటు ఒకటుంది. అది చేదర్థకం. ‘వచ్చి ఉంటే చెప్పి ఉండేవాణ్ణి’ అనే తెలుగు వాక్యంలో రెండు భాగాలకూ రెండు రూపాలు. మరాఠీలో ‘తో ఆలా అసతా తర్ మీ సాంగితలం అసతం’. రెండు వైపులా ‘అసతా’ జాతి రూపమే. మరాఠీలో ఆలోచించే పిల్లవాడు ‘ఇఫ్ హీ వుడ్ హావ్ కమ్, ఐ వుడ్ హావ్ టోల్డ్’ అని రెండు వైపులా ‘వుడ్ హావ్’ పెట్టడానికి అక్కడ ఒక కారణం కనబడుతోంది. తెలుగులో ఆలోచించేవాడికి ఆ కారణం లేదు. అయితే ఈ ‘ఇఫ్... వుడ్ హావ్’ అమెరికన్ల మాటల్లోనూ వినబడుతుంది. వాళ్లకు మరాఠీ రాదు కదా! కనుక ఒక రూపం కనబడగానే దాని తల్లి ఫలానా భాష అని ముద్ర వేయకూడదు. పోలిక కావాలి.

ఆ పోలికకు నాందేడ్ సరిహద్దు కంటే అనువైన చోటు దొరకడం కష్టం. ఒకే తరగతిలో, ఒకే ఉపాధ్యాయుడి దగ్గర, ఒకే పుస్తకం చదివే పిల్లల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, మరాఠీ మాట్లాడేవాళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు పక్కపక్కన కూర్చుంటారు. బోధన, పుస్తకం, పరీక్ష మారకుండా ఇంటి భాష ఒక్కటే మారుతుంది. పిల్లలకు ఇంగ్లిష్ వాక్యం చూపి అర్థం రాయమంటే చాలదు. ముందు సందర్భం చెప్పాలి: వాకిట్లో చెప్పులున్నాయి, మనిషి కనబడలేదు. లేదా, సాయంత్రమైంది, మనిషి రాలేదు. ఇంటి భాషలో ఆ సందర్భానికి ఏమంటారో మొదట నోటితో చెప్పించాలి, ఆ తర్వాత ఇంగ్లిష్ రాయించాలి. సగం మందికి ఈ వరుసలో నేర్పాలి, మిగతా సగానికి మామూలు పద్ధతిలో మోడల్ పక్కన అర్థం రాసి ఇవ్వాలి.

నా వాదం నిజమైతే మొదటి సగం ‘మస్ట్ హావ్’, ‘షుడ్ హావ్’లను కలగలపడం తగ్గాలి. మూడు ఇంటి భాషల పిల్లల్లోనూ తగ్గాలి, ఎందుకంటే మూడింటిలోనూ గోడ ఉంది. ‘కుడ్ హావ్’ విషయంలో తెలుగు పిల్లలకు లాభం తక్కువగా కనిపించాలి. ‘ఇఫ్... వుడ్ హావ్’ మరాఠీ పిల్లల్లో ఎక్కువగా రావాలి. ఈ మూడింటిలో మొదటిదే జరగకపోతే, రెండు సగాలూ ఒకే తీరున తడబడితే, ఇంటి భాషలోని తెలివి ఇంగ్లిష్‌కు దానంతటదే చేరదని ఒప్పుకుని, అచ్చంగా ఇంగ్లిష్ రూపాల మీదే అభ్యాసం చేయించే పాత పద్ధతి వైపు తిరిగి చూడాల్సి వస్తుంది.